ఘరీబ్ ఉస్తా పోగొట్టుకున్న దరువు

మా మసీదు మైకులో ఇరవై రెండేళ్లుగా చావు కబుర్లు చెబుతున్నాను. తప్పుగా చెప్పింది ఒక్కటంటే ఒక్కటే. అయినా మా దుమ్యాత్‌లో, అంటే ఈజిప్టులో సోఫాలూ మంచాలూ చేసే ఊళ్లో, ఏ కాఫీ దుకాణంలో కూర్చున్నా ఆ ఒక్కదాని గురించే అడుగుతారు. మిగతా వందలమందిని సక్రమంగా సాగనంపానన్న సంగతి ఎవరికీ పట్టదు. నా పేరు ముత్వల్లీ. మసీదు ఊడుస్తాను, తివాచీలు దులుపుతాను, కుళాయిలు బాగుచేయిస్తాను, ఎవరైనా పోతే మైకు పట్టుకుంటాను. పిల్లలు తప్పిపోయినా నేనే చెప్పాలి. నా గురించి ఇంతకంటే అక్కర్లేదు. నేను చెప్పదలచుకున్నది ఘరీబ్ ఉస్తా గురించి, అంటే నేను చంపేసినవాడి గురించి.

ఘరీబ్‌ది పెళ్లి డోలు. ఆ విద్యలో ఆరితేరాడు కాబట్టే ఉస్తా అంటాం. ముప్పై ఎనిమిదేళ్లు ఈ ఊళ్లో పెళ్లి ఊరేగింపులన్నీ ఆయన చేతిమీదుగానే నడిచాయి. ముందు సన్నాయిలు, వెనక తప్పెట్లు, మధ్యలో భుజానికి డోలు తగిలించుకుని ఆయన. మనిషి పొట్టి, మీసం పొడుగు, నోరు అంతకంటే పొడుగు. పెళ్లికొడుకు నడక బాగోలేకపోతే ఊరేగింపు ఆపి మరీ నడక నేర్పేవాడు. "ఏం నాయనా, పెళ్లికి వెళ్తున్నావా, పంటి డాక్టరు దగ్గరికా?" అని అందరి ముందూ అడిగేవాడు.

ఆయనకో అలవాటు ఉండేది. దుమ్యాత్‌లో దాన్ని చూడనివాళ్లు లేరు. దరువు మొదలుపెట్టే ముందు రెండు వేళ్లు మెడ పక్కన ఆనించి, కళ్లు మూసుకుని, తల కొంచెం వంచి ఆగేవాడు. తన నాడి వినేవాడన్నమాట. తరువాత ఒక్కసారి తల ఊపితే చాలు, మేళమంతా ఒక్కసారిగా లేచేది. మధ్యలో కుర్రాళ్లు హుషారెక్కి పరుగెత్తించారనుకోండి, మళ్లీ మెడమీద వేళ్లు, మళ్లీ తల ఊపడం, అందరూ దారికొచ్చేవాళ్లు. గురువు నేర్పిన పద్ధతట అది. "గడియారం కొనుక్కోవాలి, తాళం వేసి దాచుకోవాలి. ఇది అమ్మ కడుపులోనే ఇచ్చి పంపింది, ఎవడూ ఎత్తుకుపోలేడు" అనేవాడు. తరువాత జరిగింది చూస్తే ఆ మాట అనకుండా ఉండాల్సింది.

పోయిన చలికాలం మామూలు జ్వరమే వచ్చింది. అది గుండె కండరానికి పాకింది. రెండు నెలలు కైరోలో పెద్దాసుపత్రిలో ఉన్నాడు. తిరిగొచ్చేటప్పటికి మీసం మాత్రమే మిగిలింది. గుండె పక్కన ఒక పంపు పెట్టారు. పొట్టలోంచి ఒక తీగ బయటికొచ్చి నడుముకున్న సంచీలోకి వెళ్తుంది. సంచీలో రెండు బ్యాటరీలు. "బ్యాటరీ పెట్టారు" అని మాకందరికీ చెప్పాడు. మంగలి జగ్లూల్ మామగారి గుండెకి పెట్టినటువంటి చిన్న బ్యాటరీయే కాబోలు అనుకున్నాం. డోలు మాత్రం గోడకు తగిలించేసి ముట్టుకోలేదు. పెద్ద డోలు మొయ్యలేవు సరే, చేతి డోలు వాయించవచ్చు కదా అంటే నడుం నొప్పి అనేవాడు.

అసలు సంగతి అప్పుడు మాకు తెలియదు. మీకు ముందే చెప్పేస్తాను, దాచి ఊరించడం నాకు చేతకాదు. ఆ పంపు గుండెలా కొట్టి ఆగి, కొట్టి ఆగి తొయ్యదు. కుళాయి తిప్పినట్టు రక్తాన్ని ఆపకుండా తోస్తూనే ఉంటుంది. మనిషి బతికే ఉంటాడు, తింటాడు, తిడతాడు, కానీ మణికట్టు మీద వేలు పెడితే ఏమీ తగలదు. డోలు ఘరీబ్‌కి నాడి లేదు. పెద్ద డాక్టరు మాత్రం చిన్న ఆశ చూపించి పంపాడు: "మందులతో నీ గుండె కండరం కోలుకుంటే ముందు చేతిలోనే తెలుస్తుంది, నాడి తిరిగొస్తుంది. అది వస్తే పంపు తీసేసే సంగతి అప్పుడు మాట్లాడదాం." రాకపోతే ఇక జీవితాంతం బ్యాటరీలతోనే. అందుకని ఆయన భార్య ఇన్షిరాహ్ రోజూ తెల్లవారి నమాజు చేసుకుని, టీ పొయ్యి మీద పెట్టి, ఆయన మణికట్టు పట్టుకుని కూర్చునేది. ఆయన అడిగేవాడు కాదు, ఆవిడ ముఖం చూసేవాడు. ఆవిడ "టీలో పుదీనా వెయ్యనా?" అనేది. ఆరోజుకి అంతే అన్నమాట.

దీన్ని మా దగ్గర ఎందుకు దాచాడంటే, సిగ్గు. లోపల దరువు లేని డోలువాణ్ణి ఎవరు పిలుస్తారు?

ఇక ఆగస్టులో ఆ రోజు. మిట్టమధ్యాహ్నం దాటింది, వార్నిషు వాసన కూడా ఎండకి ఉడికిపోతోంది. మా వీధి నుంచి ఒక పెళ్లికూతురి సామాను లారీలు బయల్దేరాయి. మంచం, అద్దాల బీరువా, బంగారు రంగు సోఫాలు, ముందు మేళం. ఆ మేళం ఘరీబ్‌దే, నడిపిస్తున్నవాడు ఆయన శిష్యుడు. వాడు మొదటి లారీ దాటకముందే దరువుని పరుగెత్తించాడు. ఘరీబ్ ఎండలో నిలబడి, మోకాలి మీద చేత్తో కొడుతూ, "ఆగరా, ఆగరా గాడిదా" అని గొణుగుతూ ఆఖరి సోఫా మలుపు తిరిగేదాకా అక్కడే ఉన్నాడు. గుక్కెడు నీళ్లు తాగలేదు. తరువాత జగ్లూల్ మంగలి దుకాణంలోకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. నేను పక్క కుర్చీలో సగం గడ్డంతో ఉన్నాను.

ఆయన నడుము సంచీలోంచి ఏదో కుయ్యి కుయ్యి మని మోగడం మొదలైంది.

"ఎవరిదయ్యా ఆ ఫోను, ఎత్తండి!" అని జగ్లూల్ కసిరాడు.

"ఉస్తా, నీదే, మీ ఆవిడై ఉంటుంది" అన్నాను నేను.

ఆయన పలకలేదు. తల పక్కకు వాలింది. జగ్లూల్ తుపాకీలా చిమ్మే సీసాతో ఆయన ముఖం మీద నీళ్లు కొట్టాడు, లాభం లేదు. ఎదురుగా మందుల షాపులో యుమ్నా అనే అమ్మాయి కొత్తగా చేరింది, మన్సూరా నుంచి వచ్చి నెల కూడా కాలేదు. పాపం చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. మణికట్టు పట్టుకుంది. మెడ పట్టుకుంది. బీపీ మిషను కట్టింది, అది బుస్సుమని ఊది ఎర్రర్ అని చూపించింది. మళ్లీ కట్టింది, మళ్లీ ఎర్రర్.

"నాడి లేదు" అంది, పెదవులు తెల్లబడిపోయి.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. మా వీధికి ఆ చివర ఇంకో మసీదుంది. వాళ్లకి కొత్త మైకు వచ్చింది. ఆ నెలలో మా వీధి చావులు మూడూ నాకంటే ముందు వాళ్లే చెప్పారు. మా వీధి మనుషులు, మా మసీదులో నమాజు చేసినవాళ్లు, కబురు అక్కడి నుంచి! ఆ మంట కడుపులో ఉంది. అందులోనూ ఘరీబ్ నా స్నేహితుడు. ఆయన కబురు కూడా ఆ చివరవాళ్లు చెబితే నేను తలెత్తుకోగలనా? ఆ అమ్మాయి నాడి లేదంది గానీ చనిపోయాడనలేదు. ఆ తేడా నాకు ఇప్పుడు బాగా తెలుసు. అప్పుడు సబ్బు నురగతోనే మసీదుకి పరుగెత్తాను. ఏడుస్తూనే పరుగెత్తాను, అదీ నిజమే.

"మన వీధి బిడ్డ, పెళ్లి డోలు ఉస్తా ఘరీబ్ అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. సాయంత్రపు అస్ర్ నమాజు తరువాత జనాజా, ఆపైన ఖననం" అని మొదటిసారి చెప్పాను. మూడుసార్లు చెప్పడం ఆనవాయితీ, రెండోసారి అందుకున్నాను.

మంగలి దుకాణంలో ఏం జరిగిందో తరువాత జగ్లూల్ చెప్పాడు. యుమ్నా స్టెతస్కోపు గుండె మీద పెట్టింది. లబ్ డబ్ లేదు, సన్నగా రొద. "ఫాను ఆపండి!" అంది. ఆపారు. రొద ఆగలేదు. "ఫాను ఆపమంటున్నాను కదా!" అని అరిచింది. "ఆపేశాను తల్లీ, కావాలంటే రెక్కలు విరగ్గొట్టమంటావా?" అన్నాడు జగ్లూల్. ఆ అమ్మాయి స్టెతస్కోపు తీసి తన గుండె మీద పెట్టుకుని చూసుకుంది, అది పాడైందేమోనని.

అంతలో ఇన్షిరాహ్ వచ్చింది. మైకు విన్నది, ఏడవలేదు. చేతిలో మహ్షీకి బియ్యం కూరడానికి గుజ్జు తీస్తున్న చిన్న గుమ్మడికాయ అలాగే ఉంది, ఇంకో చేతిలో బ్యాటరీల సంచీ. జనాన్ని మోచేతులతో పక్కకు నెట్టి, ఆయన గుండెకి చెవి ఆనించింది. ఒక్క క్షణం.

"తిరుగుతోంది!" అంది. "ఎవడు చచ్చాడన్నది? కాళ్లు పైకెత్తండి! ఆ మోగేది ఫోను కాదు, రక్తం చాలట్లేదని పంపు మొత్తుకుంటోంది. ఎండలో నిలబడి నీళ్లు తాగలేదు ముసలాడు. చూస్తూ నిలబడ్డారేంటి, మీకూ కావాలా ఆహ్వానం?"

ఘరీబ్‌ని నేల మీద పడుకోబెట్టి కాళ్లు కుర్చీ మీద పెట్టారు. కాసేపటికి కళ్లు తెరిచాడు. సరిగ్గా అప్పుడే నేను పైనుంచి మూడోసారి చెబుతున్నాను. ఆయన తన పేరు విన్నాడు, జనాజా ఎన్నింటికో విన్నాడు, కనుబొమలు ముడిచి అడిగాడట: "ఆ గొంతు ముత్వల్లీదేనా? దరిద్రుడు, చావు కబురు కూడా తాళం తప్పకుండా చెప్పలేడు."

నేను మెట్లు దిగి కళ్లు తుడుచుకుంటూ వచ్చేసరికి చచ్చినవాడు నేల మీద కూర్చుని చిన్న చిన్న గుక్కలుగా నీళ్లు తాగుతున్నాడు.  "రా, ముత్వల్లీ, సగం గడ్డం మిగిలిపోయింది కదా, పూర్తి చేయించుకో. నా జనాజాకి ఇలాగే వస్తావా?" అన్నాడు.

ఆ తరువాతి రెండు గంటల్లాంటివి ఎవరి జీవితంలోనూ రాకూడదు. మా ఇమాము షేఖ్ రాఫత్ అసలే రూలు మనిషి. "వెళ్లి మళ్లీ మైకులో చెప్పు, బతికే ఉన్నాడని" అన్నాడు. బతికున్నాడని చెప్పడానికి మాటలేమిటో నాకెవరూ నేర్పలేదు. ఏదో చెప్పాను. అప్పటికే పరామర్శకు వచ్చేవాళ్లు మా ఊరి ఆచారం ప్రకారం చక్కెర పొట్లాలతో ఇన్షిరాహ్ మెట్లమీద నిలబడ్డారు. ఇచ్చిన చక్కెర వెనక్కి పట్టుకుపోకూడదు కదా. పదకొండు కిలోలు పోగైంది. ఇన్షిరాహ్ రెండు రోజులు బాసిమా అనే కొబ్బరి రవ్వ మిఠాయి, పాయసం వండి వీధి వీధంతా పంచింది. ఘరీబ్ గుమ్మంలో కూర్చుని, "తినండి తినండి, నా చావుదే" అని ప్రతివాడికీ చెప్పేవాడు.

యుమ్నా మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రం వాళ్లింటికి వచ్చి సిగ్గుతో తల దించుకుని కూర్చుంది. నేనూ ఉన్నాను, నాకూ వేరే దిక్కులేదు. "బాబాయ్, మీకు ఏ పంపు పెట్టారో ముందే చెప్పి ఉంటే..." అంది. అప్పుడు ఘరీబ్ మొత్తం చెప్పాడు. మాకు మొదటిసారి చెప్పాడు. గోడకున్న డోలు వైపు చూడకుండా చెప్పాడు.

"దిండు మీద తల పెడితే చెవిలో వినిపించేది నాకు, అరవై ఏళ్లు. ఇప్పుడు అదే దిండు. ఒట్టి గాలి రొద. సన్నాయి మోగుతోందమ్మా, డోలు లేదు."

యుమ్నా తల ఎత్తింది. "నాడి అంటే ఊరికే చప్పుడు కాదు బాబాయ్. గుండె తోసినప్పుడల్లా రక్తనాళం గోడ సాగుతుంది, మళ్లీ దగ్గరికొస్తుంది. అలా సాగుతూ ఉంటేనే ఆ గోడ బిరుసెక్కకుండా ఉంటుంది, సన్నటి నాళాల చివరిదాకా రక్తం బాగా అందుతుంది. మూత్రపిండాలు కూడా ఆ తోపుని బట్టే తమ పని సర్దుకుంటాయట. అది లేకపోయినా మనిషి బతకగలడు, ఏళ్ల తరబడి బతికినవాళ్లున్నారు. కానీ ఒళ్లు దానికి అలవాటు పడి పుట్టింది."

"అదే నేనూ అంటున్నా" అన్నాడు ఘరీబ్. "డోలు లేకుండా కూడా ఊరేగింపు నడుస్తుంది. కాకపోతే ఎవడి అడుగు వాడిది."

నాకు ఏడుపొచ్చింది. ఆ ఇంట్లో ఆ ఒక్కటి పోయిందని ఆరునెలలుగా ఇద్దరూ కూర్చుని ఉంటే నేను రోజూ ఎదురుగా కూర్చుని కాఫీ తాగి, "ఇంకా వాయించవేం, బద్ధకమా?" అని అడుగుతూ వచ్చాను. చావు తప్పుగా చెప్పినందుకంటే దానికే ఎక్కువ సిగ్గుపడ్డాను.

ఆ మర్నాటి నుంచి యుమ్నా షాపు తెరవడానికి ముందు రోజూ వాళ్లింటికి వచ్చేది, బీపీ మిషనుతో. ఎవరూ అడగలేదు, తనే పెట్టుకుంది. ఈ మామూలు మిషను నాడి ఉంటేనే అంకె చూపిస్తుంది, కాబట్టి అంకె వచ్చిందంటే నాడి వచ్చినట్టే అంది. పెద్ద డాక్టరుకి ఫోను చేసి అడిగి మరీ చెప్పింది. నేను కూడా మసీదు ఊడ్చి అక్కడికే పోయేవాణ్ణి. మిషను బుస్సుమనేది. ఎర్రర్. సెప్టెంబరంతా ఎర్రర్. అది తెర మీద వచ్చినప్పుడల్లా ముగ్గురూ నావైపే చూసేవాళ్లు.

"నా వైపు చూస్తారేం, నేనేం చేశాను?" అనేవాణ్ణి.

"ఏమో మరిదీ, నీ పేరు పలికినట్టు అనిపించింది" అనేది ఇన్షిరాహ్.

వీధిలో కూడా ఇదే ధ్యాస. జగ్లూల్ దుకాణం ముందునుంచి యుమ్నా తిరిగి వెళ్తుంటే సోఫాలకు మేకులు కొట్టేవాళ్లు సుత్తి ఆపేవాళ్లు. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపేది, మళ్లీ సుత్తి పడేది. సెప్టెంబరు చివర ఘరీబ్ కైరో వెళ్లొచ్చాడు. గుండె కండరం కొంచెం కదులుతున్నట్టుందని, చూద్దామని పంపు వేగం కాస్త తగ్గించి పంపారట. తగ్గిస్తే రెండే దారులు. గుండె అందుకుంటుంది, లేదా ఆయాసం పెరిగి మళ్లీ మొదటికొస్తుంది. అందుకోకపోతే ఇక దాని మీద ఆశ పెట్టుకోవద్దని కూడా అన్నారు. ఆ వారం ఘరీబ్ ఒక్కణ్ణి కూడా వెక్కిరించలేదు. వీధికి భయం వేసింది.

అక్టోబరులో ఒక మంగళవారం. ఇన్షిరాహ్ పొద్దుటి తిండికి ఉడికించిన గింజల ఫూల్ గిన్నె బల్ల మీద పెట్టింది. యుమ్నా పట్టీ కట్టి మీట నొక్కింది. మిషను ఊదింది, గాలి వదలడం మొదలుపెట్టింది, మామూలుగా ఆగేచోట ఆగలేదు. ఇంకా వదులుతూ పోయింది. తెరమీద అంకెలు నిలిచాయి. పైన తొంభై ఆరు, కింద ఎనభై.

 "మిషను పాడైందేమో" అన్నాడు ఘరీబ్. యుమ్నా నా చేతికి కట్టింది. నాకు నూట అరవై వచ్చింది. "మీది మాత్రం నిజంగా పాడైంది బాబాయ్, షాపుకి రండి" అంది. మళ్లీ ఆయనకి కట్టింది. తొంభై నాలుగు, డెబ్బై తొమ్మిది.

ఇన్షిరాహ్ మిషనుని పక్కకు తోసేసింది. ఆయన చెయ్యి తీసుకుని, రోజూ పెట్టే చోటే మూడు వేళ్లు పెట్టి, కళ్లు మూసుకుంది.  తరువాత ఇంకో చేత్తో, కళ్లు తెరవకుండానే, ఫూల్ గిన్నె అంచు మీద చెంచాతో కొట్టడం మొదలుపెట్టింది. టక్. కాసేపు ఆగి, టక్. మళ్లీ టక్. ఆవిడ వేళ్ల కింద ఏం వస్తోందో అదే మాకు వినిపిస్తోంది.

ఘరీబ్ తల కొంచెం వంచి విన్నాడు. "నీరసంగా ఉంది" అన్నాడు. ఇంకాసేపు విన్నాడు. "కానీ తాళం తప్పట్లేదు." అని ముఖం చేతుల్లో దాచుకున్నాడు. నేను లేచి బయటికి వచ్చేశాను. అక్కడ ఉంటే నేను ఆయనకంటే గట్టిగా ఏడ్చేవాణ్ణి.

తిన్నగా షేఖ్ రాఫత్ దగ్గరికి పోయాను.

"మైకు కావాలి."

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. ఘరీబ్ నాడి వచ్చింది."

"అల్‌హమ్దులిల్లాహ్. కానీ ముత్వల్లీ, మైకు అజానుకి, జనాజాకి, తప్పిపోయిన పిల్లలకి. రూలు నీకు తెలుసు. నీకైతే ఇంకా బాగా తెలియాలి."

"తప్పిపోయిన పిల్ల దొరికితే చెబుతాం కదా?"

"చెబుతాం."

"ఇది ఎనిమిది నెలలుగా తప్పిపోయింది. ఇవాళ పొద్దున ఇంటికొచ్చింది."

షేఖ్ గడ్డం సవరించుకున్నాడు. రూలు పుస్తకంలో ఎక్కడైనా దీనికి అడ్డుందా అని ఆలోచిస్తున్నట్టు పైకి చూశాడు. చివరికి, "ఒక్కసారే" అన్నాడు. "ఈసారి నీ చెవులతో విన్నావు కదా?"

"గిన్నె మీద విన్నాను."

మైకు పట్టుకున్నాను.  "వీధిలోని పెద్దలారా, తల్లులారా. ఎనిమిది నెలలుగా కనబడకుండా పోయిన మన ఘరీబ్ ఉస్తా నాడి ఇవాళ దొరికింది. క్షేమంగా ఉంది. వెతికినవాళ్లందరినీ అల్లాహ్ చల్లగా చూడాలి" అన్నాను. ఒక్కసారే అన్నాడు గానీ నేను మూడుసార్లు చెప్పాను. ఆ చివరి మసీదుకి ఈ కబురు ఇంకా తెలియనే తెలియదు.

కిందికి దిగేసరికి సుత్తులన్నీ ఆగిపోయి ఉన్నాయి. జగ్లూల్ సబ్బు నురగ ఉన్న మనిషిని కుర్చీలోనే వదిలేసి రోడ్డు మీదికి వచ్చాడు. అందరూ ఘరీబ్ ఇంటి మేడ మీదికి తలెత్తి చూస్తున్నారు. పైన కిటికీ తెరిచి ఉంది. గోడకు తగిలించిన డోలు దించి కిటికీ దగ్గర బల్ల మీద పెట్టారు. ఎనిమిది నెలల దుమ్ము ఎండలో తేలుతోంది.

డోలు మోగింది. అది పెళ్లి దరువు కాదు. నెమ్మదిగా ఒక దెబ్బ, కాసేపు ఆగి ఇంకో దెబ్బ. శిష్యుడు తప్పెట భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు గానీ, అందుకుందామని చెయ్యి ఎత్తి మళ్లీ దించేశాడు. కిటికీలో ఘరీబ్ కనిపించాడు. ఎడమ చెయ్యి ఇన్షిరాహ్ చేతిలో ఉంది, ఆవిడ మూడు వేళ్లు మణికట్టు మీదున్నాయి. వేళ్ల కింద తగిలినప్పుడల్లా ఆవిడ తల ఊపుతోంది. ఆవిడ తల ఊపినప్పుడల్లా ఆయన కుడిచేత్తో డోలు మీద కొడుతున్నాడు.